యార్డు గేటు దగ్గర మొదలవ్వాల్సిన చదువు

ఐసెట్ ర్యాంకులు వచ్చాయంటే గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట ఇళ్లలో ఒకటే చర్చ. ఎంబీఏలో చేరడం సరే, అందులో ఏం తీసుకోవాలి? లెక్కలొచ్చిన పిల్లలకు ఫైనాన్స్, మాటకారులకు మార్కెటింగ్, మిగిలినవాళ్లకు హెచ్ఆర్. పంపకం ఇంట్లోనే జరిగిపోతుంది. ఆడపిల్లయితే మరీను: ‘నీడపట్టున కూర్చుని చేసుకునే ఉద్యోగం, హెచ్ఆర్ తీసుకోమ్మా’ అంటారు. అంత తేలిగ్గా తీసుకునే చదువు కాదిది. ఒక మనిషి జీతం, సెలవు, గాయం, పరువు, చివరికి ఉద్యోగం ఊడటం కూడా ఈ చదువు చదివినవాళ్ల చేతిలో ఉంటాయి.

మన దేశంలో ఈ చదువు పుట్టింది ఏసీ గదిలో కాదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర. 1936లో బొంబాయిలో టాటాల పేరిట సామాజిక సేవా విద్యాలయం మొదలైంది. ఇవాళ్టి టిస్ అదే. 1949లో జంషెడ్‌పూర్‌లో ఎక్స్ఎల్ఆర్ఐ వచ్చింది. ఆ పేరులోనే కార్మిక సంబంధాలున్నాయి. ఈ రెండింటి నడుమ, 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాలంది. ఆ కుర్చీలో కూర్చోడానికి చదువుకున్న మనిషి కావాలి కాబట్టి కోర్సులు పెరిగాయి. రెజ్యూమెలు ఏరడం, క్యాంపస్ ఇంటర్వ్యూలు చాలా తర్వాత వచ్చి చేరాయి.

మనకూ ఆ చదువు దూరం కాదు. 1967లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు గుంటూరులో పీజీ కేంద్రం తెరిచింది. 1976లో అదే నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. అక్కడ ఎంబీఏతో పాటు మానవ వనరుల నిర్వహణకు ఎంహెచ్ఆర్ఎం అని ప్రత్యేక పీజీ ఉంది. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ఎంబీఏ సీట్లకు కొదవలేదు. సీట్లున్నాయి, పాఠాలున్నాయి. ఆ పాఠాల్లో గుంటూరు ఎక్కడుందన్నదే నా బాధ. ఇక్కడి విద్యార్థికి చెప్పే కేసులు అమెరికా కార్ల కంపెనీవో, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీవో. మిర్చి యార్డు ఒక్క పేజీలోనూ కనపడదు.

యార్డుకు ఒకసారి వెళ్లి చూడండి. ఫిబ్రవరి నుంచి సీజన్ ముదిరితే రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగే రోజులుంటాయి. రైతు, కమీషన్ ఏజెంటు, గుమాస్తా, కాటా దగ్గరివాడు, ఎగుమతి వ్యాపారి, వీళ్లందరి మధ్యా 40 కిలోల టిక్కీని వీపున మోసే హమాలీ. హమాలీ ఒంటరిగా పనిచేయడు. ముఠా ఉంటుంది, ముఠాకు మేస్త్రి ఉంటాడు, కూలి పంచుకునే పద్ధతి ఉంటుంది. టిక్కీకి ఎంత కూలి అన్నది సంఘాలూ ఏజెంట్లూ కూర్చుని మాట్లాడుకునే వ్యవహారం. పుస్తకంలో ‘సామూహిక బేరసారాలు’ అని బట్టీ పట్టేది ఇదే. పరీక్షలో దానికి పదిహేను మార్కుల జవాబు రాసే కుర్రాడు ఆ బేరం ఒక్కసారైనా కళ్లారా చూడకపోవడం అన్యాయం. వాళ్ల నాన్న కాయ తెచ్చి అమ్మేది ఆ యార్డులోనే కావచ్చు.

యార్డు దాటి గోదాముల వైపు వెళితే ఇంకో లోకం. తొడిమలు తీసే ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. ఘాటుకు ముక్కూ నోరూ మూసేలా చీర కొంగు చుట్టుకుంటారు. చేతులు మండుతూనే ఉంటాయి. కిలోల లెక్కన కూలి. ఇక్కడ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, తరగతి గదికి ఒక నెల పాఠం దొరుకుతుంది. ఈవిడ ఎవరి దగ్గర పనిచేస్తోంది? గోదాము యజమాని దగ్గరా, సరుకున్న వ్యాపారి దగ్గరా, ఆటోలో తీసుకొచ్చిన మేస్త్రి దగ్గరా? ఆ ఆటో దారిలో బోల్తా పడితే ఆసుపత్రి ఖర్చెవరిది? పదిమంది పనిచేసే చోట ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్ అన్న అంకెలు విద్యార్థికి నోటికొస్తాయి. కానీ హాజరు పట్టీలో పేరే లేని మనిషికి ఆ అంకెలు ఎలా అందుతాయో ఎవరూ నేర్పలేదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇక నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. సంక్షేమ అధికారికి 500 మంది ఉండాలన్న అంకె 250కి దిగింది. ఇది మంచిదే. మరోపక్క స్టాండింగ్ ఆర్డర్లు, అంటే రాసిపెట్టిన ఉద్యోగ నిబంధనలు, తప్పనిసరి అయ్యే అంకె 100 నుంచి 300కి పెరిగింది. మన పత్తి జిన్నింగ్ మిల్లులు ఆ అంకెకు చాలా కిందే ఉంటాయి. అక్కడ రాసిపెట్టిన నిబంధన ఉండదు కాబట్టి, హెచ్ఆర్ కుర్చీలో ఉన్నవాళ్ల న్యాయబుద్ధే నిబంధన. ఇంత బరువైన కుర్చీకి బట్టీ చదువు చాలదు.

కార్మిక సంబంధాల గురించి చదవాలనుకునే తెలుగు పిల్లలకు వి.వి. గిరి గారిని మించిన గురువు లేరు. రాష్ట్రపతి కాకముందు ఆయన రైల్వే కార్మిక నాయకుడు, ఆపైన కేంద్ర కార్మిక మంత్రి. తగవును ట్రిబ్యునల్‌కు ఈడ్చేకన్నా యాజమాన్యం, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. దానికి ‘గిరి విధానం’ అనే పేరు నిలిచింది. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవినే వదిలేశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరుంది.

ఇక ఈ చదువులో మరో భాగం, నాయకత్వం. సిలబస్‌లో సిద్ధాంతాలన్నీ పరాయివే, వాటిలో ఒకటి మాత్రం మన గడ్డ మీద పరీక్షకు నిలిచింది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1960లలో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల సంస్థ సియెట్‌లో శిక్షణ ఇప్పించి, సాధించాలన్న తపనను నేర్పవచ్చని వాదించారు. ప్రపంచమంతా చదివే ఆ కాకినాడ ప్రయోగం గురించి కాకినాడలో ఎందరికి తెలుసు?

అంతకన్నా పెద్ద పాఠం చీరాలలో ఉంది. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే 1921లో వేల మంది ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే కాపురం. నడిపించింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, క్రమశిక్షణ చూసింది ఆయన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు. మధ్యలో ఆయన జైలుకు వెళ్లారు. చివరికి జనం ఇళ్లకు తిరిగివచ్చారు. అంతమందిని అన్నాళ్లు కలిపి ఉంచింది ఏమిటి? నాయకుడు లేనప్పుడు సంస్థ ఎంతకాలం నిలుస్తుంది? వ్యవస్థాగత నాయకత్వం అనే పేపరుకు ఇంతకన్నా గట్టి కేసు ఏ దేశం నుంచి తేవాలి?

కాలేజీలు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. రెండో ఏడాది ప్రాజెక్టు పేరుతో హైదరాబాదు కంపెనీల సర్టిఫికెట్లు కొనితెచ్చుకునే ఆనవాయితీ ఆపండి. ప్రాజెక్టుకిచ్చే ఆరు వారాలూ పిల్లల్ని యార్డుకు, చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులకు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు పంపండి. ఒక హాజరు పట్టీ తయారుచేయించండి, ఒక కార్మికురాలికి పీఎఫ్ నంబరు ఇప్పించే దాకా వెంట ఉండమనండి. తల్లిదండ్రులూ, సీటు తీసుకునే ముందు కాలేజీలో క్యాంపస్ సెలెక్షన్లెన్ని అని ఎలాగూ అడుగుతారు. దాంతో పాటు, మా పిల్లల్ని ఏ మిల్లుకు, ఏ గోదాముకు పంపి పాఠం చెబుతారో కూడా అడగండి.