ట్యాబు సరే, పాఠం సంగతేమిటి?



పేద విద్యార్థికి సాయం అనగానే మనకు ముందు తోచేవి ఫీజు, పుస్తకాలు, ఈమధ్య ట్యాబులు. అన్నీ కావలసినవే. అయితే పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టులకు వెళ్తూ దూరవిద్యలో డిగ్రీ చదివే పిల్లల తీరు చూడండి. రాత్రి డ్యూటీ దిగి ఫోనులో పాఠం పెట్టుకుంటే, గంటసేపు బోర్డు ముందు ఉపన్యాసం వస్తుంది. పావుగంటకే కళ్ళు మూతపడతాయి. తరగతిలో కూర్చున్నవారి కోసం చెప్పిన పాఠాన్నే కెమెరాకెక్కించి పంపితే ఇలాగే ఉంటుంది.

పాఠాన్ని విద్యార్థి పరిస్థితికి తగినట్టు తయారుచేయడం ఒక ప్రత్యేక విద్య. విశ్వవిద్యాలయాల్లో దీన్ని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారు. పాఠ రూపకల్పన అనుకుందాం. ఇందులో మొదటి ప్రశ్న 'ఏం చెప్పాలి' అన్నది కాదు, 'విన్నాక విద్యార్థి ఏం చేయగలగాలి' అన్నది. కెమిస్ట్రీలో ద్రావణాన్ని పలుచన చేసే లెక్కే తీసుకోండి. 1 మోలార్ ద్రావణం 10 మి.లీ. తీసుకుని 0.1 మోలార్ చేయమంటే, చాలామంది 100 మి.లీ. నీళ్ళు పోసేస్తారు. నిజానికి మొత్తం 100 మి.లీ. కావాలి, అంటే కలిపే నీళ్ళు సుమారు 90. రూపకల్పన తెలిసిన అధ్యాపకుడు ఈ పొరపాటును ముందే ఊహిస్తాడు. అయిదారు నిమిషాల వీడియో చేసి, మధ్యలో ఆపి ఆ ప్రశ్నే అడుగుతాడు. తప్పు చేసినవారికి ఎక్కడ తప్పారో చూపిస్తాడు. ల్యాబులో పనికోరే పిల్లవాడికి ఆ అయిదు నిమిషాలు గంట ఉపన్యాసం కన్నా విలువైనవి.

మన రాష్ట్రాలకు ఈ బాట కొత్తకాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే మొదలైంది. ఈనాటి అంబేద్కర్ యూనివర్సిటీ అదే. పార్లమెంటు చట్టంతో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ తొలి ఏళ్ళలో దూరవిద్యతోనే నడిచింది. స్త్రీవిద్యపై ప్రత్యేక శ్రద్ధ దాని చట్టంలోనే ఉంది. అక్కడి ఇన్‌స్ట్రక్షనల్ మీడియా సెంటర్ ఉర్దూలో పాఠాల వీడియోలు తయారుచేస్తుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషుతో సతమతమయ్యే మన ఆడపిల్లలకు అదెంత ఊరటో వేరే చెప్పాలా!

కేంద్రప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలుంటాయి: వీడియో, చదువుకునే పాఠం, స్వీయపరీక్ష, సందేహాల చర్చ. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం, విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే ఒక సెమిస్టరు సబ్జెక్టుల్లో 40 శాతం దాకా ఇలా చదివి క్రెడిట్లు పొందవచ్చు. చదువు ఉచితమే. సర్టిఫికెట్టు పరీక్షకు మాత్రం రుసుము కట్టాలి. చిన్న మొత్తమే అయినా, చాలామంది అక్కడే ఆగిపోతారు.

అందుకే ఈ ఏడాది ట్యాబులతోపాటు మరి రెండింటికి మీ సాయం కోరుతున్నాం. ఒకటి ఆ పరీక్ష రుసుము. రెండోది, చిన్న పాఠాలను తెలుగు, ఉర్దూ వివరణలతో తయారుచేసే అధ్యాపకుల సమయానికి ఇచ్చే గౌరవవేతనం. కెమెరా ఎవరైనా ఇస్తారు, సమయానికి డబ్బిచ్చేవారే తక్కువ. జకాత్ సొమ్మును ఈ రెండో ఖర్చుకు వాడం, అది అర్హులైన విద్యార్థుల చేతికే చేరుతుంది. పాఠాల తయారీకి సదఖా ఖాతా వేరుగా ఉంటుంది. తయారైన ప్రతి పాఠాన్నీ ముందు నలుగురైదుగురు షిఫ్టు పిల్లలకు చూపించి, వారు తడబడినచోట మార్చిన తరువాతే మిగతావారికి అందిస్తాం.