రీల్ దగ్గర ఆగిన క్షణాలు

మహారాష్ట్రలో ఠాణే నుంచి భివండీ వెళ్లే పాత దారిలో, గోదాముల వరుసల మధ్య ఉంటుంది కాల్హేర్. భివండీ సాంచాలను (మరమగ్గాలను) నమ్ముకుని తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ. ఫోన్‌లో అన్నీ కలిసిపోతాయి.

‘నేనెవరిని?’ అన్న ప్రశ్న గట్టిగా తగిలేది కౌమారంలోనే అన్నాడు మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్. ఆ వయసులో అందరి కళ్లూ తమమీదే ఉన్నాయనిపిస్తుందని 1967లో మరో మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కిండ్ వివరించాడు. అప్పట్లో ఆ ప్రేక్షకులు ఊహల్లోనే ఉండేవారు. ఇప్పుడు వాళ్లు లైకుల లెక్కగా తెరమీదే కనిపిస్తున్నారు.

ఆ లెక్క ఏం చేస్తుందో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించారు. 13 నుంచి 18 ఏళ్లవారు 32 మందిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి ఫొటోలు చూపించారు. తోటి పిల్లలు ఇచ్చారని చెప్పిన లైకులను నిజానికి పరిశోధకులే పెట్టారు. ఒకే ఫొటోకు ఎక్కువ లైకులు కనిపిస్తే తామూ లైక్ కొట్టే అవకాశం పెరిగింది. తమ ఫొటోకే ఎక్కువ లైకులు వచ్చినట్టు కనిపిస్తే మెదడులో ఆనందానికి స్పందించే భాగం చురుకైంది. 2016లో వెలువడిన ఈ అధ్యయనం చిన్నదే. అయినా తరగతిలో చర్చించదగ్గ ప్రశ్న వేసింది: ఆ ఇష్టం ఎవరిది?

ఇక రీల్స్ చూపే యాప్ సంగతి. ఏ రీల్ దగ్గర ఎంతసేపు ఆగారు, దేన్ని మళ్లీ చూశారు, ఎవరికి పంపారు అన్నవాటిని బట్టి తర్వాత ఏం చూపాలో అది అంచనా వేస్తుంది. మరాఠీ పాట దగ్గర ఆగితే అలాంటివే మరిన్ని వస్తాయి. మూడు భాషల మధ్య ఇంకా తన దారి వెతుక్కుంటున్న పిల్లవాడికి నిన్నటి అలవాటే పదేపదే ఎదురవుతుంది. నాకు ఆందోళన కలిగించేది ఇదే.

మరి చట్టం ఏమంటోంది? 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారి డేటా వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లల ప్రవర్తనపై నిఘా, వారికి గురిపెట్టిన ప్రకటనలు కూడదు. మినహాయింపులూ ఉన్నాయి, అమలు దశలవారీగా సాగుతోంది.

రాత్రి పాళీ నుంచి వచ్చి, అర్థంకాని ఇంగ్లీషు తెరపై తండ్రి వేలు పెడితే అది సమ్మతేనా? సమ్మతి కోరే సమాచారాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లోనూ చదువుకునే వీలివ్వాలని అదే చట్టం చెబుతోంది. ఆ జాబితాలో తెలుగు, మరాఠీ రెండూ ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు తమ ఫోన్లలోని యాప్‌లను తెరిచి, ఆ వీలు ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టవచ్చు.