వార్తల్లో పదం: క్రూయిజ్

గమ్యముకంటె ప్రయాణమే ప్రయోజనముగా సాగెడు సముద్రవిహారమే క్రూయిజ్. 1990లో నోర్డిక్ ఎంప్రెస్ అను నామముతో సేవారంభము చేసి కరేబియన్ దీవుల నడుమ చిరకాలము విహరించిన నౌకయే, కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్‌గా 2022 జూన్‌లో విశాఖపట్నమునకు వచ్చి, పుదుచ్చేరి మీదుగా చెన్నపట్టణమునకు యాత్రికులను గొనిపోయినది. నల్లమల చెంత పెరిగి, కడలిని కొత్తపట్నమున మాత్రమే చూచిన మార్కాపురము, గిద్దలూరు వారిని ఇట్టి ఓడనెక్కుటకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖకు చేర్చును. రేవులో సోదాలు విమానాశ్రయమునందువలెనే యుండును. గది, భోజనము, సామాన్య వినోదములు టికెట్టులోనివి. మద్యమునకు, తీరయాత్రలకు వేరుగ చెల్లింపవలెను. కిటికీలేని లోగది చౌక. పగలెల్ల డెక్కుమీద గడపువారికి అదియే చాలునని నా మతము. నడిసంద్రమున మామూలు ఫోను పలుకదు. అది కొందరికి వరమే. ఓడ యూగిసలాటకు కడుపు తిప్పువారు వైద్యునడిగి మాత్రలు వెంటగొనిపోవుట మేలు.