గడ్డం మీది వెంట్రుకకు కరెంటు సూది

ఆదోని: ఆడపిల్ల గడ్డంపై నాలుగు వెంట్రుకలు మొలిస్తే పెళ్లిచూపుల నాటికి ఇంటిల్లిపాదికీ దిగులే. ఇంట్లోనే వాడుకోవచ్చంటూ అమ్మే ఐపీఎల్ (క్రికెట్టు కాదు) లైటు మిషన్లకు ఆ దిగులే బేరం. ఈ లైటు నలుపును వెతికి కాలుస్తుంది. అది వెంట్రుక నలుపో, చర్మం నలుపో దానికి తెలియదు. ఆదోని, ఎమ్మిగనూరు చేలల్లో పత్తి తీసి ఎండకు కమిలిన మొహమైతే బొబ్బలెక్కి మచ్చలు పడవచ్చు. తెల్ల వెంట్రుక మాత్రం కదలదు.

కరెంటు సూదికి రంగుతో పని లేదు. లోపలికి తిరిగి కంటిని గుచ్చే రెప్పవెంట్రుకలకు 1875లో అమెరికా కంటి డాక్టరు చార్లెస్ మిషెల్ దీన్ని వాడారు. వేరు చస్తే మళ్లీ మొలవదు. కాని ఒక్కో వెంట్రుకకు ఒక్కో పోటు, నెలల తరబడి తిరగాలి.

నెలసరి తప్పుతూ గడ్డం ముదురుతుంటే మిషను కంటే ముందు డాక్టరుకు చూపించాలి. పీసీఓడీ కావచ్చు. కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.