ఆ వార్త విన్నప్పుడు మనమెక్కడున్నాం?



ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మేము మొదట అనుకున్నది అబ్దుల్ కలాం గారి గురించి. కలాం గారి మీద వ్యాసం లేని హాస్టల్ సంచిక అరుదు కదా! అయితే ఆయన జీవిత చరిత్ర మీ అందరికీ కంఠతా వచ్చు. అందుకని ఆయన కన్నుమూసిన రాత్రి మన హాస్టల్లో ఏం జరిగిందో రాద్దామని కూర్చున్నాం. 2015లో మేము ఎనిమిదో తరగతి. ఆ రాత్రి మాకు అద్దంలో చూసినట్టు గుర్తుంది. రాసేముందు మా బ్యాచ్ వాళ్లను ఒకసారి అడుగుదామనుకున్నాం. అక్కడితో వ్యాసం దారి మారిపోయింది.

మాకు గుర్తున్నది ఇది. వరండాలో భోజనాలకు వరుసగా కూర్చున్నాం. కంచాల్లో అన్నం, పలుచటి సాంబారు. కామాటి బాబాయి గరిటె చేత్తో పట్టుకునే వంటగది గుమ్మంలోకి వచ్చి, "ఒరేయ్, కలాం గారు పోయారంటరా" అన్నాడు. ఎవరమూ ముద్ద ఎత్తలేదు. బాబాయి భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అది ఎర్ర గళ్ల తువ్వాలు. తువ్వాలు రంగు కూడా గుర్తున్న సంగతిని ఎవరు కాదంటారు?

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పదకొండు మందిమి ఉన్నాం. అడిగిన గంటలోపే జవాబులు వచ్చాయి. ఒకడు సాయంత్రం కబడ్డీ ఆడుతుండగా ఎదురింటి టీవీలో విన్నామన్నాడు. ఒకడు మర్నాడు పొద్దున పేపర్లో చూసేదాకా ఎవరికీ తెలియదన్నాడు. నలుగురు రాత్రి స్టడీ అవర్‌లో వార్డెన్ గారు చెప్పారన్నారు. ఇంకొకడు తను అసలు హాస్టల్లోనే లేనని, గోదావరి పుష్కరాలకని ఇంటికి వెళ్లి రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో ఆ వార్త విన్నానని ఒట్టు పెట్టాడు. మిగిలినవాళ్లు మా వెనక నిలబడ్డారు, బహుశా మేము ముందుగా మా కథ చెప్పేయడం వల్ల! వాదన రాత్రి పన్నెండు దాకా సాగింది. ఒక్కడూ "ఏమో, సరిగా గుర్తులేదు" అనలేదు.

అందరికీ తెలిసిన సంఘటన కాబట్టి తేదీలు, వేళలు సరిచూడటం కష్టం కాలేదు. కలాం గారు షిల్లాంగులోని ఐ.ఐ.ఎం.లో ఉపన్యాసం ఇస్తూ కుప్పకూలింది 2015 జూలై 27, సోమవారం, సాయంత్రం సుమారు 6-30కి. ఆసుపత్రిలో ఆయన మరణించినట్టు 7-45కి ధ్రువీకరించారు. కాబట్టి కబడ్డీ వేళకు ఆ వార్త లేదు. పుష్కరాలు జూలై 14న మొదలై 25న, అంటే శనివారమే ముగిశాయి. మొదటి రోజు ఉదయం రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయిన సంగతి మన జిల్లావాళ్లు మరచిపోరు. మావాడు బస్టాండులో విన్నది ఆ కబురై ఉంటుంది. ఒకే నెలలో వచ్చిన రెండు విషాద వార్తలు వాడి తలలో ఒకటైపోయాయి.

ఇక మా సంగతి. మన హాస్టల్లో రాత్రి భోజనం గంట 7కి కొట్టేవారు. 7-45 అయ్యేసరికి కంచాలు కడిగి ట్రంకు పెట్టెల మీద బోర్లించేసేవాళ్లం. షిల్లాంగులో డాక్టర్లు చెప్పకముందే మన వరండాలో బాబాయి చెప్పడం ఎలా సాధ్యం?

పీజీ తరగతిలో 'జ్ఞాపకశక్తి' పాఠం విన్నప్పుడు ఇవన్నీ ఎవరి గురించో అనుకున్నాం. ఇప్పుడు ఆ పాఠం మళ్లీ తీసి చదివాం. అందులోని ముఖ్య విషయాలు మీకు చెబుతాం.

ఒక పెద్ద దుర్వార్త విన్న క్షణంలో మనం ఎక్కడున్నాం, ఎవరు చెప్పారు, ఏం చేస్తున్నాం అన్నవి ఫొటో తీసినట్టు గుర్తుండటాన్ని 'ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం' అంటారు. 1977లో బ్రౌన్, కూలిక్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టారు. గ్రూపు ఫొటోలో ఫ్లాష్ వెలిగినప్పుడు ఎవరు కళ్లు మూసుకున్నారో, ఎవరి చొక్కా గుండీ ఊడిందో అన్నీ పడినట్టే, ఆ క్షణంలోని అక్కరలేని వివరాలు కూడా మనసులో పడిపోతాయని వారి అభిప్రాయం. ఈ సంగతి అంతకుముందు తెలియనిదేమీ కాదు. 1865లో అబ్రహాం లింకన్‌ను కాల్చి చంపిన వార్త విన్నప్పుడు మీరెక్కడున్నారని 33 ఏళ్ల తరువాత కోల్‌గ్రోవ్ అనే ఆయన 179 మందిని అడిగితే, 127 మంది వివరంగా చెప్పారు. చెప్పినవి నిజమో కాదో తేల్చే దారి మాత్రం ఆ రోజుల్లో లేకపోయింది.

ఆ దారి చూపినవారు ఉల్రిక్ నైసర్. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాను బాంబులు వేసిన వార్త విన్నప్పుడు తాను రేడియోలో బేస్‌బాల్ ఆట వింటున్నానని ఆయన చిన్నప్పటి నుంచీ నమ్మారు. ఎన్నో ఏళ్లు గడిచాక ఒకనాడు తట్టింది, డిసెంబర్‌లో బేస్‌బాల్ పోటీలే ఉండవని! మావాడి పుష్కరాల కథకు ఆయన బేస్‌బాల్ అన్నగారన్నమాట.

1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక గాలిలోనే బద్దలై ఏడుగురు మరణించారు. ఆ మర్నాడే నైసర్ 106 మంది విద్యార్థుల చేత వార్త ఎక్కడ విన్నారో, ఎవరు చెప్పారో రాయించి కాగితాలు దాచారు. సుమారు రెండున్నరేళ్ల తరువాత వారిలో 44 మందిని అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. మొదటి కాగితంతో పోల్చి చూస్తే 11 మంది చెప్పినది ముఖ్య విషయాలన్నిటిలోనూ తప్పు. పూర్తిగా సరిపోయింది ముగ్గురిది మాత్రమే. తరగతి గదిలో విన్నానని రాసిన అమ్మాయి, హాస్టల్ గదిలో స్నేహితురాలితో టీవీ చూస్తుండగా తెలిసిందని చెప్పింది. అబద్ధం చెప్పాలని కాదు, ఆమెకు అలాగే గుర్తుంది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, వాళ్లు రాసిన కాగితాలే చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు.

2001 సెప్టెంబర్ 11న అమెరికాలో జరిగిన దాడుల మర్నాడు టలారికో, రూబిన్ అనే ఇద్దరు 54 మంది విద్యార్థులతో ఇలాంటి పరీక్షే మొదలుపెట్టారు. దుర్వార్త జ్ఞాపకంతో పాటు అదే వారంలోని ఒక మామూలు సంగతి కూడా రాయించారు. వారాలు, నెలలు గడిచే కొద్దీ రెండూ ఒకే రకంగా చెదిరిపోయాయి. తేడా ఒక్కటే. మామూలు సంగతి మీద నమ్మకం తగ్గింది, దుర్వార్త జ్ఞాపకం మీద నమ్మకం తగ్గలేదు. మా గ్రూపులో ఒక్కడూ "గుర్తులేదు" అనకపోవడానికి కారణం ఇదే కాబోలు.

ఇలా ఎందుకు జరుగుతుంది? మెదడులో బాదం పప్పంత భాగం ఒకటి ఉంది, పేరు అమిగ్డలా. భయం, దుఃఖం కలిగినప్పుడు ఇది చురుకై, జరుగుతున్నదాన్ని గట్టిగా పట్టుకోమని మిగతా భాగాలకు చెబుతుంది. దానితో అసలు విషయం, అంటే 'కలాం గారు పోయారు, మేము బాధపడ్డాం' అన్నది నిలిచిపోతుంది. చుట్టూ ఉన్న వివరాలు అంత గట్టిగా నిలవవు. ఆపైన మనం ఆ కథను పదిమందికీ చెబుతాం. చెప్పిన ప్రతిసారీ ఖాళీలు పూరిస్తాం. తరువాత గుర్తుకొచ్చేది ఆ రోజు కాదు, మనం కిందటిసారి చెప్పిన కథ. టీవీలో తరువాత చూసినవి కూడా అందులో కలుస్తాయి.

ఇదంతా మా నాయనమ్మకు చెబితే నవ్వింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. నాయనమ్మది వేలిముద్ర. మా ఇంటి సంగతులకు కాగితం అంటూ ఏదీ లేదు, ఆవిడ నోటి మాటే రిజిస్టరు. మా చిన్నత్త వయసు చెప్పమంటే, "ఇందిరమ్మను కాల్చేసిన నాడు దానికి మూడో నెల" అంటుంది. ఆ రోజు పొద్దున్నే పిల్లను చంకనెత్తుకుని చేలోకి పోతుంటే పంచాయతీ రేడియోలో ఇందిరమ్మ చనిపోయిందని చెప్పారట. బడిలో చేర్చిన మాస్టారు మాత్రం అంచనాగా మూడేళ్లు ఎక్కువ వేసి జూన్ 1 అని రాసేశారు. మన ఇళ్లల్లో సగం మంది పుట్టినరోజు జూన్ ఒకటో తేదీయే కదా!

ఇందిరాగాంధీ గారిని కాల్చింది 1984 అక్టోబర్ 31న ఉదయం 9 దాటాక. బీబీసీ మధ్యాహ్నానికే చెప్పినా, ఆకాశవాణి మరణవార్తను అధికారికంగా ప్రకటించింది సాయంత్రం 6 గంటలకు. పొద్దున్నే రేడియోలో వినడం కుదరదు నాయనమ్మా అన్నాం. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే చేలోంచి వచ్చేటప్పుడేమో. పిల్ల చంకలో ఉన్నది మాత్రం నిజం" అంది. మేము ఇంకేమీ అనలేకపోయాం. పొద్దున తప్పయినంత మాత్రాన చంకలో పిల్ల తప్పవుతుందా? అలాగని నిజమని ఏ ఆఫీసులోనైనా నిరూపించగలమా? చిన్నత్త ఇప్పటికీ కాగితాల్లో మూడేళ్లు పెద్దది.

ఇంకో మాట. ఇందిరమ్మ సంగతి అడిగినప్పుడు మా పేటలోని పెద్దలు రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపిన కబురు ఎలా తెలిసిందంటే మాత్రం, పేపరు ఎవరు తెచ్చారు, చదవగలిగిన ఒక్కడు ఏ అరుగు మీద కూర్చుని చదివాడు, ఆ రాత్రి ఎవరింట్లో పొయ్యి వెలగలేదు, అన్నీ చెప్పారు. ఇందులోనూ కొన్ని మారిపోయి ఉండవచ్చు. అయినా ఏ వార్త మీద మెరుపు పడింది అన్నది ముఖ్యం. బ్రౌన్, కూలిక్ అడిగిన 80 మందిలో సగం మంది తెల్లవారు, సగం మంది నల్లవారు. 1963లో కెనడీ హత్య దాదాపు అందరికీ ఫొటోలా గుర్తుంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య అలా గుర్తున్నవారు నల్లవారిలోనే చాలా ఎక్కువ. తమ బతుకుతో ముడిపడిన వార్తనే మనుషులు అలా దాచుకుంటారు. జాతీయ విషాదం అని పేపరు రాసిందే ప్రతి పేటకూ పెద్ద విషాదం కాకపోవచ్చు. 2015 జూలై 27నే చూడండి, ఆ ఉదయం పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ జిల్లాలో పోలీసు స్టేషన్ మీద ఉగ్రవాదులు దాడి చేశారు. రోజంతా టీవీల్లో అదే. మా పదకొండు మందిలో ఒక్కరికీ అది గుర్తు లేదు.

తమ్ముళ్లకు ఒక మనవి. ఇకమీదట ఇలాంటి వార్త వస్తే ఆ రాత్రే నోటుపుస్తకం చివరి పేజీలో నాలుగు ముక్కలు రాసి తేదీ వేయండి. మా వాదన తీర్చింది అలాంటి పేజీయే.

గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని మిత్రుడొకడు మూడో రోజున తన ఎనిమిదో తరగతి సోషల్ నోట్సు వెనక పేజీ ఫొటో తీసి పెట్టాడు. వంకర అక్షరాలతో ఇలా ఉంది: "27-7-15. స్టడీ అవర్‌లో వార్డెన్ గారు వచ్చి కలాం గారు చనిపోయారని చెప్పారు. రెండు నిమిషాలు నిలబడ్డాం. కామాటి బాబాయి ఊరెళ్లాడు, గేటు వార్డెన్ గారే వేశారు. బాబాయి వచ్చాక చెప్పాలి. ఆయనకు కలాం గారంటే ఇష్టం."

అది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాం. బాబాయికి చదువు రాదు. అయినా పేపర్లో వచ్చిన కలాం గారి బొమ్మ కత్తిరించి, అన్నం మెతుకులతో వంటగది గోడకు అంటించుకున్నాడు. పొగకు నల్లబడితే తడిగుడ్డతో తుడిచేవాడు. 2021 మే నెలలో కరోనాతో ఆయన పోయినప్పుడు హాస్టళ్లు మూసి ఉన్నాయి. ఎవరి ఊళ్లో వాళ్లం ఉండిపోయాం, ఒక్కరమూ వెళ్లలేదు. ఆ బొమ్మ, ఆ తువ్వాలు, ఆయన మీద మాకున్న అప్పు, అన్నీ కలిసి ఆయనను ఆ రాత్రి వరండాలోకి తెచ్చి నిలబెట్టి ఉంటాయి.

నోట్సు చూశాక కూడా కళ్లు మూసుకుంటే మాకు గుమ్మంలో గరిటెతో బాబాయే కనిపిస్తున్నాడు. ఊరి నుంచి వచ్చాక ఆయనకు మాలో ఎవరు చెప్పారని గ్రూపులో అడిగాం. ఈసారి మాత్రం పదకొండు మందిమీ ఒకే మాట అన్నాం, గుర్తులేదని.