ప్రెస్ క్లబ్బులో వెనుక వరుస

ఉదయం పదకొండు గంటలయ్యేసరికి జిల్లా కేంద్రంలోని ప్రెస్ క్లబ్బు ముందు కార్లు, మోటారు సైకిళ్లు బారులు తీరుతాయి. లోపల హాలులో పొడవాటి బల్ల, దాని మీద మైకులు. బల్లకు అవతల నాయకులు, ఇవతల విలేఖరులు. నాయకుడు అరగంట మాట్లాడతాడు. విలేఖరులు నాలుగు ప్రశ్నలు వేస్తారు. టీలు వస్తాయి. అందరూ లేస్తారు. మర్నాడు తెల్లవారేసరికి ఆ మాటలు పేపరులో అచ్చయి ఊళ్లకు చేరతాయి.

అదే సమయంలో క్లబ్బు ఆవరణలో చెట్టు కింద మరికొందరు నిలబడి ఉంటారు. కాలువ చివరి భూములకు నీరందని రైతులు, పింఛను ఆగిపోయిన వృద్ధులు, మంచినీటి పథకం చెడిపోయిన ఊరివాళ్లు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన వినతిపత్రం ఉంటుంది. తొలి బస్సు పట్టుకుని వచ్చారు. లోపలికి వెళ్లవచ్చో లేదో తెలియదు. ఎవరిని అడగాలో తెలియదు. వాళ్ల కళ్లు వెతికేది ఒక్క మనిషి కోసం. ఆయన తమ మండలంలో 'పేపరాయన'.

ఆ పేపరాయన లోపల హాలులోనే ఉంటాడు. కాకపోతే వెనుక వరుసలో.

క్లబ్బు ఎవరిది?

చాలామంది గ్రామీణులు ప్రెస్ క్లబ్బును ప్రభుత్వ కార్యాలయమని అనుకుంటారు. అది నిజం కాదు. పాత్రికేయులు తమలో తాము చందాలు వేసుకుని నడుపుకునే సంఘం అది. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. ఎన్నికలు జరుగుతాయి. ప్యానెళ్లు, ప్రచారాలు, రాత్రి మంతనాలు చూస్తే అవి పంచాయతీ ఎన్నికలకు ఏ మాత్రం తీసిపోవు. విలేఖరుల సమావేశం పెట్టదలచినవారు సాధారణంగా రుసుము చెల్లించి హాలు తీసుకుంటారు. స్వాతంత్ర్య దినోత్సవాన జెండా వందనం, పుస్తకావిష్కరణలు, వైద్య శిబిరాలు, కాలం చేసిన సహచరునికి సంతాప సభ, అన్నీ ఆ హాలులోనే.

పేపరు చదివేవారికి హైదరాబాదులోని బషీర్‌బాగ్, సోమాజిగూడ ప్రెస్ క్లబ్బుల పేర్లు బాగా పరిచయం. బషీర్‌బాగ్ క్లబ్బు ఉన్న భవనానికి దేశోద్ధారక భవన్ అని పేరు. దేశోద్ధారక బిరుదు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. ఆయన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. ఆయన పుట్టింది కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు అనే పల్లెలో. రాజధానిలో మంత్రులు వచ్చి మాట్లాడే భవనానికి ఒక పల్లె బిడ్డ పేరు ఉండగా, పల్లె మనిషి మాత్రం క్లబ్బు వాకిట్లో తటపటాయించవలసి రావడం విచారకరం.

బస్సు కవరు నుంచి సెల్ ఫోను దాకా

ఒకప్పుడు గ్రామీణ విలేఖరి వార్త రాసి, కవరులో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి బతిమాలుకునేవాడు. అత్యవసరమైతే తపాలా కార్యాలయానికి పరుగెత్తి తక్కువ రేటు ప్రెస్ టెలిగ్రాం ఇచ్చేవాడు. బస్సు చెడిపోతే వార్త చచ్చిపోయినట్టే. టెలిగ్రాం సేవ 2013 జూలైలో దేశమంతటా ఆగిపోయింది. ఇప్పుడు విలేఖరి పొలం గట్టు మీద నిలబడే ఫోటో తీసి సెల్ ఫోనులో పంపేస్తున్నాడు.

1985లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మండల వ్యవస్థ వచ్చింది. 1989లో ఒక తెలుగు దినపత్రిక జిల్లాకొక ప్రత్యేక సంచిక మొదలుపెట్టగా, కొద్ది కాలానికే మిగిలినవారూ అదే బాట పట్టారు. రోజూ అన్ని పేజీలు నింపాలంటే ఊరూరి వార్త కావాలి. అలా మండల విలేఖరుల సంఖ్య పెరిగింది. బోరు చెడినా, బడి పైకప్పు కురిసినా పేపరులో చూసుకునే రోజులు వచ్చాయి.

వార్త పెరిగింది గాని విలేఖరి బతుకు పెరగలేదు. చాలామందికి జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి కొద్దిపాటి పైకం అందుతుంది. దానికి తోడు పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు సేకరించే బాధ్యత చాలాచోట్ల ఆయన మీదే పడింది. నిన్న ప్రకటన ఇచ్చిన కాంట్రాక్టరు నేడు నాసిరకం రోడ్డు వేస్తే, ఆ విలేఖరి కలం ఎటు నడవాలి? ఇది ఆయన ఒక్కడి ఇబ్బంది కాదు. ఆ రోడ్డు మీద నడిచే ఊరంతటి ఇబ్బంది.

పాత్రికేయుల కోసం 1955లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించరాదని, ఉద్యోగం నుంచి తొలగించాలంటే సంపాదకునికి ఆరు నెలలు, ఇతర పాత్రికేయులకు మూడు నెలలు ముందుగా తెలపాలని అందులో ఉండేది. అయితే పాత్రికేయమే ప్రధాన వృత్తిగా ఉన్నవారినే ఆ చట్టం పాత్రికేయులుగా గుర్తించింది. పగలు సేద్యమో, కిరాణా కొట్టో, ట్యూషన్లో చూసుకుని సాయంత్రం వార్త రాసే మండల విలేఖరికి ఆ నీడ దక్కడం కష్టమైంది. క్లబ్బు సభ్యత్వం దగ్గరా సాధారణంగా ఇదే చిక్కు. సభ్యుడు కానివాడు వెనుక వరుసలో కూర్చోవచ్చు. ఓటు ఉండదు. ప్రశ్న అడగాలన్నా ముందు వరుస వంక చూడాలి.

బాల్కనీలో నిలబడ్డ మహిళలు

క్లబ్బు హాలులో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న తగవు మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నేషనల్ ప్రెస్ క్లబ్బు 1908లో ఏర్పడింది. అందులో మహిళా విలేఖరులకు సభ్యత్వం లేదు. వారు 1919లో వేరే క్లబ్బు పెట్టుకున్నారు. కాని దేశదేశాల నాయకులు వచ్చి మాట్లాడేది మగవారి క్లబ్బులోనే. 1955లో మహిళలను హాలు పైనున్న బాల్కనీలోకి రానిచ్చారు. కింద మగవారు భోజనం చేస్తూ ప్రసంగం వింటుంటే, మహిళలు పైన కిక్కిరిసి నిలబడి రాసుకునేవారు. వారికి భోజనమూ లేదు, ప్రశ్న అడిగే హక్కూ లేదు.

వారు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి అడిగారు, ఉత్తరాలు రాశారు, నిరసన తెలిపారు. చివరకు 1971లో సభ్యులు ఓటు వేసి తలుపు తెరిచారు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1982లో, ఆ క్లబ్బుకు ఒక మహిళే అధ్యక్షురాలైంది. మీద నుంచి వార్త వినవచ్చు గాని ప్రశ్న వేయరాదంటే అది సగం ఉద్యోగమేనని వారు పట్టుబట్టడం వల్లనే ఆ మార్పు వచ్చింది. మన జిల్లాల్లో వెనుక వరుసకు కావలసింది కూడా ఆ ప్రశ్న హక్కే.

దూబగుంట చెప్పిన పాఠం

వెనుక వరుస వార్తకు ఎంత బలముందో తెలుగువారు 1992లో చూశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న మహిళలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. ఆ కబురు పెద్ద నాయకులు పిలిచిన విలేఖరుల సమావేశంలో పుట్టింది కాదు, పల్లె వీధిలో పుట్టింది. పత్రికలు దానిని అందుకుని ఊరూరికీ చేరవేశాయి. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది చదివి, చదివించుకుని విని, మరో ఊరివారు కదిలారు. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించినా, పల్లె వార్తకు ప్రభుత్వాన్ని కదిలించే సత్తా ఉందని అప్పుడు రుజువైంది.

క్లబ్బుకు వెళ్లేవారు గమనించవలసినవి

సమస్య చెప్పుకోవడానికి వెళ్లే గ్రామస్థులు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే వార్తకు బలం వస్తుంది. పదిమంది వెళ్లినా మాట్లాడేది ఒక్కరే కావాలి. అధికారులకు ఇచ్చిన అర్జీల నకళ్లు, వాటి మీద తేదీ, కార్యాలయం ముద్ర ఉండాలి. పథకానికి ఎంత సొమ్ము మంజూరైంది, ఎంత ఖర్చయింది అన్నది తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ముందే దరఖాస్తు పెట్టాలి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. ఆ కాగితం చేతిలో ఉంటే, 'అంతా బాగానే ఉంది' అని తేల్చేసే అధికారిని విలేఖరి గట్టిగా నిలదీయగలడు.

వార్త తప్పుగా వచ్చిందని తోస్తే విలేఖరి మీద పడి దెబ్బలాడటం తగదు. ముందు సంపాదకునికి ఉత్తరం రాయాలి. సవరణ రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వార్త వేయించడానికి డబ్బు అడిగినవారికి మాత్రం పైసా ఇవ్వనవసరం లేదు. అటువంటివారి సంగతి పత్రిక కార్యాలయానికి తెలపాలి.

నెలకు ఒక్క పూట

క్లబ్బుల పెద్దలు తలచుకుంటే దారి లేకపోలేదు. నెలకు ఒక్క పూట హాలును రుసుము లేకుండా పల్లెవాసులకు వదలవచ్చు. ఆనాడు నాయకులు మాట్లాడే చోట గ్రామస్థులను కూర్చోబెట్టి, మొదటి ప్రశ్న ఆ మండల విలేఖరి చేత అడిగించవచ్చు. సభ్యత్వ నిబంధనలను సడలించి, ఏళ్ల తరబడి వార్తలు రాస్తున్న గ్రామీణ విలేఖరులకు ఓటు హక్కు కల్పించవచ్చు. ఇందుకు భవనాలు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చాలు.

మధ్యాహ్నం ఒంటిగంటకు సమావేశం ముగుస్తుంది. ముందు వరుస వాహనాలు కదిలిపోతాయి. పేపరాయన మెట్లు దిగి చెట్టు కిందికి వస్తాడు. వాళ్ల మడత కాగితం విప్పి, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాసుకోవడం మొదలుపెడతాడు. ఆ మాటలు రాసుకోవడానికి ఆయనకూ, చెప్పుకోవడానికి వాళ్లకూ లోపల రెండు కుర్చీలు వేయాలని గ్రామీణులు కోరుతున్నారు.