సర్పి... చుట్టుకునే పాము కాదు, నరంలో దాగిన వైరస్

నడుముకు ఒక పక్క మంట, పోటు. రెండు మూడు రోజులకు అక్కడే ఎర్రటి దద్దు, దాని మీద గుత్తులుగా నీటిపొక్కులు. ఇంట్లో పెద్దవాళ్లు చూడగానే సర్పి అనేస్తారు. చాలాసార్లు వాళ్లు పోల్చుకున్నది నిజమే. ఆ వెంటనే వచ్చే మాటే భయపెడుతుంది: అది నడుం చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడట!

అలా కలవడం చాలా అరుదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గినా, దాన్ని తెచ్చిన వరిసెల్లా జోస్టర్ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన, నరాల మొదళ్లలో దశాబ్దాల పాటు అణిగి ఉంటుంది. వయసు మీద పడ్డప్పుడో, క్యాన్సర్ మందుల వంటి వాటితో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో మళ్లీ లేచి, ఒక నరం వెంట చర్మం దాకా వస్తుంది. ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్ పట్టణంలో వైద్యం చేసిన డాక్టర్ ఎడ్గర్ హోప్-సింప్సన్ తన దగ్గరికొచ్చే రోగులను ఏళ్ల తరబడి గమనించి, 1965లో ఈ సంగతిని వివరించారు. కుడివైపు నరాలు వేరు, ఎడమవైపువి వేరు. అందుకే దద్దు సాధారణంగా వెన్ను దగ్గర మొదలై, పొట్ట మధ్యకు వచ్చేసరికి ఆగిపోతుంది. ఒళ్లంతా పొక్కులు లేస్తే మాత్రం రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిందేమోనని అనుమానించి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరి మంత్రం వేయిస్తే, జాజు రాయిస్తే తగ్గింది కదా అంటారు. పొక్కులు ఏ మందూ లేకపోయినా వారం, పది రోజుల్లో ఎండుతాయి. పేరు మంత్రానికి వస్తుంది. నరానికి జరిగే నష్టం మాత్రం పైకి కనిపించదు. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ వంటి మాత్రలు దద్దు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు. ఆ మూడు రోజులూ మంత్రగాళ్ల చుట్టూ తిరగడంలోనే గడిచిపోవడం నిజంగా బాధాకరం. చర్మం మామూలైనా కొందరికి నరం పోటు నెలలు, ఏళ్లు వదలదు. చీర కొంగు తగిలినా నిప్పు అంటించినట్టు ఉంటుంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేరు.

సర్పి నడుముకే వస్తుందన్నదీ అపోహే. నుదుటి మీద, ముక్కు కొసన పొక్కులు వస్తే కంటిచూపుకే ప్రమాదం. అదే రోజు కంటి డాక్టరును కలవాలి. చెవి దగ్గర వస్తే మూతి వంకర పోవచ్చు, వినికిడి తగ్గొచ్చు. అరుదుగా వైరస్ మెదడు రక్తనాళాలకు పాకి పక్షవాతం తెస్తుంది.

ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి సర్పి అంటదు. కానీ పొక్కుల రసి తగిలితే, అంతకుముందు ఆటలమ్మ పోయనివారికి అది సోకవచ్చు. పొక్కులు పెచ్చు కట్టేదాకా గర్భిణులు, పసిపిల్లలు ఎడంగా ఉండాలి.

ఒకసారి వచ్చిపోయాక మళ్లీ రాదన్న ధీమా కూడా పనికిరాదు. 50 ఏళ్లు దాటినవారికి రెండు డోసుల టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే. సర్పి వచ్చి తగ్గినవారూ డాక్టరు సలహాతో వేయించుకోవచ్చు.